నిద్రకు ముందు గీయవలసిన గీత

1996వ సంవత్సరం జూన్ నెల పదిహేడవ తేదీ, సోమవారం ఉదయం, తొమ్మిది గంటలు కావడానికి ఇంకా పావుగంట ఉందనగా, డాక్టర్ తామాడ జయకృష్ణ గారు పలాసలోని మన ట్రస్టు ఆసుపత్రిలో దంత, దవడ శస్త్రవైద్యులుగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటివరకు దుప్పట్లు దాచుకొనే గదిని ఖాళీ చేయించి వారికి కేటాయించారట. కుర్చీకి ఒక కాలు పొట్టి, కుళాయికి నీళ్ళు రావు, బల్లకు సొరుగు లేదు. వారు మాత్రం తూర్పు గోడకున్న నిలువెత్తు కిటికీని చూసి, "ఇది చాలు" అన్నారని ఆనాటి ఉద్యోగులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కిటికీతో వారికేమి పని పడిందో కొంచెం ఆగి చెబుతాను.

జయకృష్ణ గారి స్వస్థలం మందస. తండ్రిగారు తాపీ మేస్త్రీ. కుమారుణ్ణి దంతవైద్యం చదివించి, ఆపైన దవడ ఎముకల శస్త్రవిద్యలో పట్టా పుచ్చుకునేదాకా నిలబెట్టిన ఆ పెద్దాయన, కొడుక్కి చివరిగా ఇచ్చిన వస్తువు తన పనిసంచిలోని ఇత్తడి గుండు. దారానికి కట్టి వేలాడదీసి, గోడ నిటారుగా లేచిందో లేదో మేస్త్రీలు చూసుకునే గుండు అది. పట్టాతోపాటు ఆ గుండును కూడా పెట్టెలో పెట్టుకొని జయకృష్ణ గారు ఉద్యోగానికి వచ్చారు. "మేస్త్రీ కొడుకు ఎముకల మేస్త్రీ అయినాడు" అని మందసవాళ్ళు నవ్వుతూ అనేవారు. ఆ మాటకు వారు ఎన్నడూ నొచ్చుకోలేదు.

తొలి పదేళ్ళూ వారి చేతికి వచ్చినవన్నీ విరిగిన దవడలే. కొబ్బరిచెట్టు మీదినుంచి జారినవారు, జాతీయ రహదారి మీద మోటారుసైకిలు తిరగబడినవారు, పంటి చీమును అశ్రద్ధ చేసి మెడవాపుతో వచ్చిన జీడిపిక్కల కార్మికులు, అందరికీ దిక్కు ఆ తూర్పు గదే. ఇచ్ఛాపురం అవతలి నుంచి ఒడియా మాట్లాడే రోగులు వస్తే ఒడియాలోనే పలకరించేవారు. రోగి పేరుకంటే ముందు ఊరిపేరు అడగడం, ఊరు చెప్పగానే ఆ ఊళ్ళో తనకు తెలిసిన ఎవరో ఒకరిని తలచుకోవడం వారి అలవాటు. ఆ పలకరింపుతోనే సగం భయం తీరేదని రోగులు చెప్పగా విన్నాను.

ఈ వ్యాసకర్త వైకుంఠరావు, అనగా నేను, 2004లో మత్తు వైద్యుడిగా ఈ ఆసుపత్రిలో చేరాను. నా కాపురం విశాఖపట్నంలో. పొద్దున రైలు దిగి, మధ్యాహ్నం మూడు ఇరవై రైలు ఎక్కి వెళ్ళిపోయే మాబోటివాళ్ళను పలాసలో "రైలు డాక్టర్లు" అంటారు. ఆ పేరులోని ఎత్తిపొడుపు నాకు తెలియక కాదు. అయినా ఈ ఆసుపత్రి మొత్తంలో గడియారం చూసి పనిచేసేవాణ్ణి నేనొక్కణ్ణేనని నాకొక గర్వం ఉండేది. ఏ శస్త్రచికిత్స ఎన్ని గంటలకు మొదలవ్వాలో రోగి అవసరాన్ని బట్టి కాక రైలు వేళను బట్టి నిర్ణయించిన రోజులు లెక్కలేనన్ని ఉన్నాయి. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవలసిందిగా మనవి.

2006లో జయకృష్ణ గారు మన ఆసుపత్రిలో చుబుకాన్ని, అంటే మన వాడుకలో గడ్డాన్ని, సరిదిద్దే శస్త్రచికిత్సలకు శ్రీకారం చుట్టారు. చదువరులలో వైద్యేతరులే ఎక్కువ కనుక ఆ విద్య స్వరూపం స్థూలంగా చెబుతాను. బయట ముఖం మీద ఎక్కడా కత్తి పెట్టరు. కింది పెదవిని ముందుకు లాగి, లోపలివైపున కోసి, కండరాన్ని విడదీసి ఎముకను చేరతారు. పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరాలు చెరొక పక్కన ఎముకలోని చిన్న రంధ్రాలలోంచి బయటికి వస్తాయి. వాటికి దెబ్బ తగిలితే మనిషి జీవితాంతం తన పెదవి తనది కాదన్నట్టుగా బతకాలి. వాటిని తప్పించి, పళ్ళ వేళ్ళకు దిగువగా ఎముకను అడ్డంగా కోస్తే గడ్డపు కొన విడివడుతుంది. పక్కకు ఒరిగిన గడ్డమైతే ఆ ముక్కను నడిమికి జరిపి, ఒకవైపు ఎత్తు ఎక్కువుంటే అక్కడ సన్నని చీలిక తీసి, చిన్న లోహపు రేకులతో బిగిస్తారు. మరీ వెడల్పాటి గడ్డమైతే ముక్క నడుమనుంచి నిలువుగా ఒక పట్టీ తీసేసి, రెండు సగాలనూ దగ్గరకు చేరుస్తారు. అంచులు మాత్రమే మొండిగా ఉంటే అరగదీస్తే సరిపోతుంది. చివరన విప్పిన కండరాన్ని తిరిగి ఎముకకు కట్టాలి, లేకుంటే కింది పెదవి జారిపోతుంది. "కొయ్యడం రెండు గంటల పని, ఎక్కడ కొయ్యాలో తేల్చుకోవడమే అసలు పని" అని జయకృష్ణ గారు అనేవారు.

అది అందంపిచ్చి అని మనలో చాలామంది అన్నాం. ఉద్దానంలో ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో అల్లాడుతుంటే గడ్డాలు చెక్కుతూ కూర్చోవడమేమిటని యాజమాన్య సంఘం సమావేశంలో అడిగినవారున్నారు. నేనూ తల ఊపాను. అప్పుడు జయకృష్ణ గారు ఒక ఉపాధ్యాయిని సంగతి చెప్పారు. చిన్నప్పుడు చెవి చీము దవడ కీలులోకి దిగి, ఆ పక్క ఎదుగుదల ఆగిపోయి, ఆమె గడ్డం ఒక వైపుకు పోయింది. పిల్లలు వెనకనుంచి అనుకరిస్తారని పదేళ్ళపాటు ఆమె నల్లబల్ల వైపు తిరిగే పాఠం చెప్పింది. "ఆవిడ ఆపరేషను తరవాత పిల్లల వైపు తిరిగి చెప్పింది. ఇది అందమో, అవసరమో మీరే పేరు పెట్టండి" అన్నారు వారు. ఆపైన పదేళ్ళలో ముప్ఫై ఎనిమిది గడ్డాలు సరిచేశారు. విశాఖనుంచి ఇద్దరు యువ శస్త్రవైద్యులను ఇక్కడికి శిక్షణకు పంపడానికి కూడా ఏర్పాటు కుదిరింది.

ఇక కిటికీ సంగతి. శస్త్రచికిత్స ఉదయం రోగిని ఆ కిటికీ ముందు నిలబెట్టి, పైచట్రం నుంచి ఇత్తడి గుండును దారంతో వేలాడదీసేవారు. ముఖం ఒక పక్కకు పోయినవాళ్ళు తెలియకుండానే తల వంచి ఆ వంకరను దాచుకుంటారు. అలా వంచిన తలమీద కొలత తీస్తే అంతా తప్పిపోతుంది. పళ్ళ వరుసను నమ్ముదామంటే అదీ వంకరే. అందుకని వారు రోగితో కబుర్లు పెట్టేవారు. కొబ్బరి ఎంత దిగింది, ఈసారి జీడిపూత నిలిచిందా, అంటూ అరగంట మాట్లాడేసరికి ఆ మనిషి దాచుకోవడం మరిచిపోయి తల తన సహజస్థితికి వచ్చేది. అప్పుడు కళ్ళు మూసుకొని తెరవమని, ఎవరి అద్దంలో వారిని చూసుకోమనేవారు. అవును, అద్దం ఇంటినుంచే తెచ్చుకోవాలి. "ఆసుపత్రి అద్దంలో మనిషి కొత్తగా కనపడతాడు, ఇంటి అద్దంలోనే తనలాగ కనపడతాడు" అన్నది వారి సిద్ధాంతం. రోగి సరేనన్నాక, దారం వెంట ఊదారంగు మందుతో నుదుటినుంచి గడ్డం దాకా గీత గీసేవారు. మత్తు ఇచ్చేది ఆ తరువాతే. ఎందుకంటే నేను ముక్కులోంచి గొట్టం వేసి నుదుటికి అతికించాక ముక్కు కొన కొద్దిగా లాక్కుపోతుంది, పడుకున్న మనిషికి గుండు వేలాడదు, ఇక ఆ ముఖంలో నడుమ ఏదో తేల్చేందుకు ఆధారమే ఉండదు.

ఈ అరగంట నాకు ముల్లులా గుచ్చుకునేది. "గుండు ముహూర్తం అయిందా మేస్త్రీ గారూ?" అని గుమ్మంలోంచి దెప్పేవాణ్ణి. వారు నవ్వి, "మీ రైలుకు పట్టాలున్నాయండీ, నాకు ఈ దారమొక్కటే" అనేవారు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. వారి స్నేహాన్ని నేను నవ్వులాటగా తీసుకున్నానే తప్ప ఆ మాటను వినలేదు.

సన్మాన సంచికలలో రాయవలసిన పద్ధతి నాకు తెలుసు. ఇక్కడితో ఆపి, పురస్కారాలూ ప్రశంసలూ చెప్పి, ఆయురారోగ్యాలు కోరి సంతకం పెట్టవచ్చు. నిజానికి మొదట అలాగే రాశాను. సంచిక బాధ్యత చూస్తున్న మన ఆపరేషను థియేటరు హెడ్ సిస్టరు బంగారమ్మ గారు ఆ ప్రతిని ఆసాంతం చదివి, నా బల్లమీద పెట్టి, "బాగుంది సారూ. ఏ ఏడాది ఒగ్గేసినారో నాకు తెలుసు" అని వెళ్ళిపోయారు. తొమ్మిదేళ్ళలో పనిమాట కానిది ఆమె నాతో మాట్లాడడం అదే మొదటిసారి. నేను వదిలేసిన ఏడాది 2016.

సోంపేట దగ్గరి ఒక ఉద్దానం పల్లెనుంచి నయోమి అనే ఇరవై రెండేళ్ళ అమ్మాయి వచ్చింది. చిన్నతనంలో జీడిచెట్టు మీదినుంచి పడి గడ్డానికి దెబ్బ తగిలితే, కుడి దవడ కీలు విరిగిన సంగతి ఎవరికీ తెలియలేదు. ఆ పక్క ఎదగలేదు. గడ్డం వెడల్పై, కుడికి జరిగిపోయింది. బాప్టిస్టు సంఘం గాయకబృందంలో ఆమెది అందరికంటే మంచి గొంతని తండ్రి ఎజ్రా గర్వంగా చెప్పాడు. అయినా పాడేటప్పుడు చివరి వరసలో, చున్నీ గడ్డం దాకా లాక్కొని నిలబడేది. "ఈ కిస్మసుకి ముందు వరసలో నిలబడి పాడతాను సారూ, మీదే పూచీ" అని జయకృష్ణ గారితో ఒప్పందం చేసుకుంది. వారు సరేనన్నారు.

ఆగస్టు పద్దెనిమిది, గురువారం. నయోమి కిటికీ ముందు నిలబడింది, గుండు వేలాడుతోంది, చేతిలో ఇంటినుంచి తెచ్చుకున్న ఎర్రచట్రపు అద్దం. కొబ్బరి కబుర్లు అప్పుడే మొదలయ్యాయి. ఇంతలో రహదారి మీద లారీ, ఆటో గుద్దుకొని, ముఖం చీలి రక్తం కారుతున్న మనిషిని తెచ్చారని కబురొచ్చింది. జయకృష్ణ గారు పరుగెత్తుతూ, "పది నిమిషాల్లో వస్తాను, గీతయ్యాకే మొదలెడదాం" అన్నారు. పది నిమిషాలు నలభై అయ్యాయి. పన్నెండు దాటింది. రెండున్నర గంటల పని, మూడు ఇరవై రైలు. నేను నయోమిని థియేటరులోకి పిలిచి, ఆపరేషను బల్ల మీద పడుకోమన్నాను.

"సారూ, గీత ఇంకా గియ్యనేదండి" అన్నారు బంగారమ్మ గారు.

"ఆయనొచ్చి గీసుకుంటార్లే."

నయోమి అద్దం వదలలేదు. "ముందు అద్దంలో సూసుకోమన్నారు గదా సారూ?" అని అడిగింది.

ఆ అద్దాన్ని ఆమె చేతిలోంచి నేనే తీసుకున్నాను. "తరవాత చూసుకుందువులే" అన్నాను. మాటలో విసుగు ఉంది. ఆమె చేతులు రెండూ పక్కన పెట్టుకొని, బుద్ధిగా కళ్ళు మూసుకుంది.

జయకృష్ణ గారు తిరిగి వచ్చేసరికి నా గొట్టం ఆమె ముక్కులో ఉంది. ఒక్క క్షణం గుమ్మంలోనే ఆగిపోయారు. "లేపుదామా?" అని అడిగారు. మళ్ళీ రెండోసారి మత్తంటే మాటలా, ప్రమాదం అన్నాను. అందులో కొంత నిజముంది, మిగతాదంతా రైలు. వారు వంగి, కంటి అంచనాతో గీత గీశారు. పని ఎప్పటిలాగే నిర్దుష్టంగా సాగింది, రేకులు బిగిశాయి, కుట్లు పడ్డాయి. ఆ రోజు నాకు రైలు అందింది. కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

వాపు పూర్తిగా తగ్గడానికి మూడు నెలలు పట్టింది. నవంబరులో తండ్రీ కూతుళ్ళు వచ్చారు. గడ్డం నాజూకుగా, అందంగా ఉంది. కానీ నడిమి దాటి ఎడమకు జరిగి ఉంది. నాలుగు మిల్లీమీటర్లు, ఒక కందిగింజంత. మన కంటికి వెతికితే తప్ప కనపడదు. ఆమె కంటికి అదొక్కటే కనపడుతోంది.

"కుడేపున్నది ఎడమేపుకి ఎల్లిపోనాది సారూ. నాకు నడిమిన ఉండే రోజు నేదా?" అని అడిగింది.

"తప్పు నాదేనమ్మా. నా చేత్తోనే మళ్ళీ సరిచేస్తాను" అన్నారు జయకృష్ణ గారు. నేను ఆ గదిలోనే, రక్తపోటు కొలిచే పరికరం సర్దుతూ ఉన్నాను. ఇంకేమీ సర్దడానికి లేకపోయినా సర్దుతూనే ఉన్నాను.

"మళ్ళీ మీ సేతిలో ఎట్టాలా?" అని ఎజ్రా లేచిపోయాడు. వారం తిరక్కుండా యాజమాన్యానికి ఫిర్యాదు అందింది. విచారణలో జయకృష్ణ గారు, గీత గీయడంలో లోపం తనదేనని కేసుషీటులో రాసి సంతకం చేశారు. బంగారమ్మ గారిని నోరెత్తవద్దని బతిమాలుకున్నారు. నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: మత్తు ప్రక్రియలో లోపమేమైనా ఉన్నదా? "లేదు, అంతా సక్రమం" అని రాశాను. అక్షరాలా అది నిజమే. ఇన్నేళ్ళలో నేను రాసిన వాటిలో అంతకు మించిన అబద్ధం మరొకటి లేదు.

ఆ రెండు మాటల ఫలితం ఇక్కడ స్పష్టంగా చెప్పడం నా విధి. గడ్డం శస్త్రచికిత్సలు ఇకపై మన ఆసుపత్రిలో జరగరాదని సంఘం తీర్మానించింది. వంతుకోసం ఎదురుచూస్తున్న పధ్నాలుగు మందిని తిప్పి పంపారు. శిక్షణకు రావలసిన ఇద్దరి ఏర్పాటూ రద్దయింది. ఒక మనిషి పదేళ్ళు శ్రమించి ఈ తీరానికి తెచ్చిన విద్య, శిష్యులెవరూ లేకుండా ఆ తూర్పు గదిలోనే ఆగిపోయింది. జయకృష్ణ గారు ఒక్కనాడైనా నన్ను ఎత్తిపొడవలేదు. మర్నాడు కూడా ఎప్పటిలాగే, "టీ తాగుదాం రండి" అన్నారు. నేను తాగాను.

తరువాతి సంవత్సరాలు వారివి మౌనసేవా సంవత్సరాలు. 2018లో తిత్లీ తుపాను కొబ్బరీ జీడీ తోటలను నేలమట్టం చేసిన వారంలో, ఇంటికప్పు రేకులు తగిలి ముఖాలు చీరుకుపోయిన వారికి మూడు రోజులపాటు నిలబడి కుట్లు వేశారు. కరోనా కాలంలో ఒక్క రోజు సెలవు పెట్టలేదు. ఆఖరి రెండేళ్ళలో కుడిచేతికి వణుకు రాగా, ఎవరూ చెప్పకముందే తామే కత్తి పక్కన పెట్టి, రోగులను చూసి సలహా ఇవ్వడానికి పరిమితమయ్యారు. కిటికీ చట్రానికి గుండు కట్టే మేకు మాత్రం అలాగే ఉంచారు. దానికి క్యాలెండరు తగిలించమని ఎవరో అంటే ఒప్పుకోలేదు.

బంగారమ్మ గారు నా ప్రతిని తిప్పి ఇచ్చిన తరువాతి ఆదివారం నేను సోంపేట బస్సెక్కాను. అక్కడినుంచి ఆటో. నయోమి ఇప్పుడు ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుంది. పాట మానేసింది. నేనెవరో గుర్తుపట్టి స్టూలు వేసింది. జరిగినదంతా, అద్దంతో సహా చెప్పాను. ఆమె మిషను చక్రాన్ని చేత్తో ఆపింది.

"తొమ్మిదేళ్ళు ఆయన్ని తిట్టుకున్నాను సారూ," అంది. "పార్ధనలో కూకున్నా ఆయన పేరు గుర్తొత్తే నోరు సేదైపోయేది. శత్రువుని సెమించమన్నాడు పెభువు, నావల్ల కాలేదు. ఇప్పుడు మీరొచ్చి ఆయన కాదు నేనంతన్నారు. ఆ తిట్లన్నీ ఏటి సెయ్యమంటారు?"

గుమ్మంలో కూర్చున్న ఎజ్రా తన బొటనవేలు చూసుకుంటున్నాడు. "ఆ కాయితం మీద ఏలుముద్ర నాదే" అన్నాడు. "ఎంత మాటన్నాను ఆ మారాజుని." ముసలాయన కళ్ళు తుడుచుకోవడం చూసి నాకు సిగ్గేసింది. ఆ ఫిర్యాదు న్యాయమైనదేననీ, దానిమీద నా పేరు ఉండవలసిందనీ చెప్పాను. చెప్పి తొమ్మిదేళ్ళు ఆలస్యంగా తల దించుకున్నాను.

మర్నాడు జయకృష్ణ గారి గదికి వెళ్ళి, ఇదంతా సంచికలో రాస్తానని అనుమతి అడిగాను. వారికి అది నచ్చలేదు. "సన్మానానికి ఇంటిల్లిపాదీ వస్తారు వైకుంఠరావు గారూ, మీవాళ్ళూ చదువుతారు" అన్నారు. రాయక తప్పదన్నాను. కిటికీ వైపు చూసి, "అయితే నా వంతు కూడా రాయండి. ఆపేద్దాం అనగలిగినవాణ్ణి నేను, అనలేదు. మీ ముఖం చూసి మొహమాటపడ్డాను. ఆ పిల్ల నిద్రలో ఉంది గానీ నేను మేలుకునే ఉన్నాను కదా" అన్నారు. వారి ఆజ్ఞ ప్రకారం రాశాను. పాఠకులు ఆ రెండు తప్పులనూ ఒకే తూకంలో వేయవద్దని నా ప్రార్థన.

ఈ నెల ఏడవ తేదీన, వారు రోగులను చూస్తుండగా, నయోమి తండ్రితో కలిసి తూర్పు గదికి వచ్చింది. చేతిసంచిలోంచి ఎర్రచట్రపు అద్దం తీసింది. జయకృష్ణ గారు లేచి నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనకముందే బంగారమ్మ గారు బీరువాలోంచి గుండు తీసి మేకుకు కట్టారు.

"ఏటమ్మా, మీ ఊళ్ళో కొబ్బరి ఎలాగున్నాది?" అన్నారు జయకృష్ణ గారు.

"తుపానుకి పోయిన సెట్లు మళ్ళీ ఎయ్యించినాం. ఇప్పుడిప్పుడే గెలలు దిగుతున్నాయి" అంది నయోమి. అలా కొబ్బరి గురించి, మిషను గురించి, పాట గురించి ముప్పావుగంట మాట్లాడుకున్నారు. మధ్యలో ఆమె, "మిమ్మల్ని శానా అనేసినాను సారూ" అంది. వారు "పోనీలేమ్మా" అన్నారు, అంతే. గోడ గడియారానికి వీపు పెట్టి నేను గుమ్మంలో నిలబడ్డాను. కొంతసేపటికి ఆమె తల తనంతట తానే నిటారుగా వచ్చి నిలిచింది. వారు ఎడమచేత్తో తన కుడి మణికట్టును గట్టిగా పట్టుకొని, దారం వెంట చుక్క తరువాత చుక్క పెట్టుకుంటూ గీత పూర్తిచేశారు. ఆమె అద్దంలో చూసుకుంది.

"ఇదే నా నడిమి గీత" అంది.

కొయ్యడానికి వారి చేయి ఇక పనికిరాదు. అదే ఈ వ్యాసానికంతకూ మూలమైన దుఃఖం. నేను నిజం చెప్పడానికి తొమ్మిదేళ్ళు తీసుకున్నాను, ఈలోగా దాన్ని సరిదిద్దగలిగిన చేయి వణకడం మొదలుపెట్టింది. శిక్షణకు రావలసి ఉండి రాలేకపోయిన ఇద్దరిలో ఒకరైన డాక్టర్ ఐశ్వర్య ఇప్పుడు విశాఖలో ఈ శస్త్రచికిత్సలు చేస్తున్నారు. డిసెంబరులో నయోమికి ఆమె చేస్తారు. జయకృష్ణ గారు వెంట వెళ్ళి, తమ చేత్తో గీత గీసి ఇస్తారు. నేనూ వస్తానని అడిగాను. నయోమి నన్ను ఎగాదిగా చూసి, "మీరు రావొచ్చు సారూ. మత్తు మాత్రం మీరు ఇయ్యకూడదు" అంది. గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను, కానీ ఆ షరతు నాకు సబబుగానే తోచింది.

ఇరవై తొమ్మిది సంవత్సరాల అయిదు నెలల సేవ ముగించుకొని, ఈ నవంబరు ముప్ఫయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్న డాక్టర్ తామాడ జయకృష్ణ గారికి సహోద్యోగులందరి పక్షాన నమస్కరిస్తున్నాను. మందస గాలీ నీరూ వారి ఒంటికి మళ్ళీ పట్టాలనీ, సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్ళు నిండుగా జీవించాలనీ, ఆ చేతి వణుకు నెమ్మదించి తండ్రిగారి గుండు వారి చేతిలో ఇంకా ఎందరికో నడిమి చూపించాలనీ మనసారా కోరుకుంటున్నాను. మేము చేయనిచ్చి ఉంటే వారు చేసి ఉండేది ఇంకెంతో ఉంది. అది మా నష్టం, ఈ తీరం నష్టం.

డిసెంబరు పదకొండవ తేదీ ఉదయం పలాస నుంచి విశాఖకు రైలు టిక్కెట్లు తీశాను. నయోమికి, వాళ్ళ నాన్నకు, జయకృష్ణ గారికి, నాకు. గీత గీయడానికి వారికి ఎంతసేపు పడుతుందో తెలియదు కనుక, తిరుగు ప్రయాణానికి తీయలేదు.